పచ్చలైటు ఆసుపత్రి

"ఇవాళ్టి నుంచి మన ప్రభుత్వ ఆసుపత్రులు మనుషులకి మాత్రమే కాదు, భూమండలానికి కూడా వైద్యం చేస్తాయి. భూమండలాన్ని ఇన్‌పేషెంటుగా చేర్చుకుంటున్నాం!" అని ఆరోగ్య మంత్రిగారు మా ఆసుపత్రి ఆవరణలో ప్రకటించారు.

చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పనిరోజు మధ్యాహ్నం సభకి జనం దొరకరు గనక, వార్డుల్లో రోగుల పక్కన కూర్చున్న మాబోటివాళ్ళందర్నీ కిందికి దింపి కుర్చీల్లో కూర్చోబెట్టారు. నేను దర్జీని. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే సూదిలో దారం ఎక్కించను. పెద్దవాళ్ళు చెప్పింది వినడం, అర్థం కాకపోతే ఇంకోసారి అడగడం, నాకు తెలిసిన చదువు ఇంతే.

మా ఆవిడ మేడమీద ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉంది. పిత్తాశయంలో రాళ్ళు. ఏం తిన్నా కాసేపటికల్లా కుడి డొక్కలో మెలిపెట్టినట్టు నొప్పి. సర్జన్ డాక్టరమ్మ చూసి, "గురువారం తీసేస్తాను. ఇంకా జాప్యం చేస్తే లోపల చీము పడుతుంది. అది పగిలిందంటే ఇక నా చేతిలో ఉండదు" అని చెప్పింది. అందుకని నేను భూమండలం గురించి వింటూనే గురువారం గురించి ఆలోచిస్తున్నాను.

మంత్రిగారు గేటు దగ్గర కొత్తగా పాతిన స్తంభం మీది గుడ్డ లాగారు. కూడలిలో ఉండే సిగ్నల్ లాంటి లైట్లే. ఎరుపు, పసుపు, పచ్చ. కరెంటూ, డీజిలూ, గ్యాసూ, చెత్తా అన్నీ కలిపి ప్రతి ఆసుపత్రీ గడిచిన వారంలో ఎంత పొగ వదిలిందో రోజూ లెక్క కడతారట. ఎక్కువైతే ఎరుపు, మధ్యస్థంగా ఉంటే పసుపు, తక్కువైతే పచ్చ. ఆ లెక్కని బట్టే ఆసుపత్రులకి ర్యాంకులు.

"దూరం నుంచే రోగి ఈ లైటు చూడాలి. ధైర్యంగా లోపలికి రావాలి" అని మంత్రిగారు బటన్ నొక్కారు.

ఎరుపు వెలిగింది.

మంత్రిగారు తొణకలేదు. "ఎరుపు ఉదయించే సూర్యుడి రంగు" అన్నారు. మళ్ళీ చప్పట్లు. బయట ఆయన కారూ, దాని వెనక వరసగా మరికొన్ని కార్లూ ఇంజన్లు ఆపకుండా ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. భూమిని కాపాడే మనిషిని ఒక్క క్షణం కూడా నిలబెట్టకూడదు కదా.

మర్నాడే పర్యావరణ ఆఫీసరు దిగాడు. కుర్రవాడు, మంచి మర్యాదస్తుడు. చేతిలో చిన్న మీటరు, దానికో ముక్కు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ ముక్కు వెళ్ళేది, వెనక ఆయన వెళ్ళేవాడు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని పచ్చ ఆఫీసరు అనేవాళ్ళు. ఆయన వెనక సూపరింటెండెంటుగారు నడిచేవారు. సూపరింటెండెంటుగారు స్వతహాగా మంచివారు. భయం వేస్తే ఇంకా మంచివారైపోతారు. రిటైర్మెంటు దగ్గర పడిందేమో, ఈ మధ్య ఎప్పుడు చూసినా చాలా మంచిగా ఉంటున్నారు.

మా వార్డు ముందు నడవాలోనే మీటింగు జరిగింది. డాక్టరమ్మ కూడా వచ్చింది.

"ముందు పైపులు బాగుచేయించండి, వేడినీళ్ళు సగం కాలవలోకే పోతున్నాయి" అంది ఆవిడ. "మేడ మీద సోలార్ పలకలు పెట్టించండి. మత్తుకి వాడే పాత గ్యాసు మానేద్దాం, దానికన్నా మంచివి వచ్చాయి. ఒకసారి వాడి పారేసే బట్టల బదులు ఉతుక్కునేవి కుట్టిద్దాం."

ఆఖరి మాట నాకు బాగా నచ్చింది. నేను కుట్టిపెడతానని చెబుదామనుకున్నాను గానీ పెద్దల మధ్య ఎందుకని ఊరుకున్నాను.

పచ్చ ఆఫీసరు అంతా శ్రద్ధగా విన్నాడు. "చాలా మంచి సూచనలు మేడమ్. కానీ ఇవన్నీ చేసేసరికి ఏడాది పడుతుంది. లైటు ఈ వారంలోనే మారాలి."

"సరే, లెక్కయినా సరిగ్గా కట్టండి. మా దగ్గరికి రోజూ వందలమంది వస్తారు. ఒక్కొక్క రోగికి ఎంత పొగ పడిందో చూడాలి గానీ, మొత్తం ఆసుపత్రికి ఎంత అంటే ఎలా?"

"ఫారంలో రోగి అనే గడి లేదండి."

"రోగి లేకుండా ఆసుపత్రి ఏమిటి బాబూ?"

"ఆ ప్రశ్నకి కూడా గడి లేదండి" అన్నాడు ఆయన బాధగానే.

ఆ సాయంత్రం నుంచే మార్పులు మొదలయ్యాయి. లిఫ్టు ఆపేశారు. స్ట్రెచర్లని మెట్ల మీద మేమే మోసుకెళ్ళేవాళ్ళం. 'బంధువులకు ఉచిత వ్యాయామం' అని అక్కడ బోర్డు పెట్టారు. ఒక మంచం విడిచి ఒక మంచం మీద ఫ్యాను తిరిగేది. ఫ్యాను లేని మంచం మీదివాళ్ళు ఫ్యాను ఉన్న మంచం మీదివాళ్ళని చూసి చల్లబడాలన్నమాట. వంటగదిలో పొయ్యి ఆపేసి చల్లటివే పెట్టడం మొదలుపెట్టారు. మా ఆవిడ ఎలాగూ ఏమీ తినలేకపోతోంది గనక ఈ సంస్కరణ వల్ల మా కుటుంబానికి ఇబ్బంది కలగలేదు.

ఓ పూట పచ్చ ఆఫీసరు మీటరు ముక్కుని నా ముక్కు దగ్గర పెట్టాడు. ముల్లు కదిలింది.

"పెద్దాయనా, మీరు ఇక్కడ ఎంతసేపు ఉంటారు?"

"రోజంతా ఉంటాను బాబూ."

"ఊపిరి పీల్చుకుంటారా?"

"అలవాటుంది."

"పీల్చుకోండి, దానికేం అభ్యంతరం లేదు. వదిలేటప్పుడు మాత్రం గేటు బయటికెళ్ళి వదలండి. మీరు వదిలే గాలి కూడా మా లెక్కలోకే వస్తోంది."

ఆయన చెప్పిన తీరు ఎంత సౌమ్యంగా ఉందంటే, నేను నిజంగానే ఊపిరి బిగబట్టి మెట్ల దాకా వెళ్ళాను. సగం మెట్లు దిగేసరికి కళ్ళు తిరిగి అక్కడే వదిలేశాను. దేవుడు మనిషికి ఊపిరి ఇచ్చినప్పుడు పీల్చుకోవడం ఒక్కటీ ఇచ్చి ఊరుకుని ఉంటే ఈ తంటా ఉండేది కాదు. రెండూ ఎందుకు ఇచ్చాడో ఆయనకే తెలియాలి. పైకి వచ్చి మా ఆవిడకి చెప్పాను.

"మీరు ఇంట్లో విడిచే నిట్టూర్పులు ఆయన కొలవలేదు కాబట్టి సరిపోయింది" అంది. "కొలిచుంటే భూమి వేడెక్కడానికి కారణం ఇంటి అడ్రసుతో సహా దొరికేది."

నొప్పిలో కూడా మా ఆవిడ మాట పదును తగ్గదు. అది తగ్గితేనే నాకు భయం.

ఇంతలో ఓ చిత్రం జరిగింది. వీధిలో కరెంటు తీగలు మారుస్తున్నారని ఆదివారం నుంచి ఆసుపత్రిలో ఓపీ మూసేశారు, థియేటరూ మూసేశారు. బుధవారం పొద్దున చూస్తే గేటు దగ్గర పసుపు వెలుగుతోంది!

సూపరింటెండెంటుగారు స్తంభం కిందే నిలబడిపోయారు. పచ్చ ఆఫీసరు పరుగున వచ్చాడు.

"ఏం మార్చాం మనం?"

"ఏమీ మార్చలేదు సార్. వైద్యం చెయ్యలేదు, అంతే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొప్ప గొప్ప విషయాలు కనిపెట్టినప్పుడు మనుషులు అలాగే చూసుకుంటారని విన్నాను. చూడడం అదే మొదటిసారి.

గురువారం వచ్చింది. మా ఆవిడ రాత్రి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. థియేటరు గౌను తొడిగారు. నేను కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి ఎదురుగా సిస్టరమ్మ.

"బాబాయిగారూ, ఇవాళ ఆపరేషన్ లేదండి."

"ఏమ్మా, డాక్టరమ్మగారు రాలేదా?"

"వచ్చారు. భూమండలం పరిస్థితి బాగాలేదని వాయిదా వేశారు."

డాక్టరమ్మ తలకి టోపీ పెట్టుకునే నడవాలో సూపరింటెండెంటుగారిని పట్టుకుంది.

"సార్, థియేటరు తాళం ఎక్కడుంది?"

"నా దగ్గరే ఉందమ్మా. భద్రంగా ఉంది."

"ఒక్క గంట పని. ఇవ్వండి."

"ఆ గంటలో ఆ పెద్ద దీపాలూ, ఏసీ, మత్తు గ్యాసూ, పరికరాలు ఉడకబెట్టే మిషనూ... పసుపు పోయి మళ్ళీ ఎరుపొస్తుంది. నాకు మెమో వస్తుంది. ఏటి అవతలి ఆసుపత్రి నిన్ననే పచ్చకి వచ్చిందమ్మా! ఆ సూపరింటెండెంటు నాకు జూనియరు!"

"ఇక్కడ ఆవిడకి చీము పడుతుంది సార్."

పచ్చ ఆఫీసరు మధ్యలోకి వచ్చాడు. "చీము పొగ కిందికి రాదు మేడమ్. ఆ విషయంలో మనకి ఇబ్బంది లేదు."

డాక్టరమ్మ టోపీ తీసి నలిపి, పారేయబోయి, పారేస్తే చెత్త లెక్కలో రాస్తారని గుర్తొచ్చిందేమో, జేబులో పెట్టుకుంది.

పెద్ద జబ్బు అయితే చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి రాసి పంపడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. సూపరింటెండెంటుగారు ఆ పద్ధతిని పర్యావరణానికి అన్వయించారు. శుక్రవారానికల్లా వార్డు మొత్తాన్ని ఏటి అవతలి ఆసుపత్రికి రాసేశారు. ఇందులో ఆయన ఏ ఒక్కరికో అన్యాయం చెయ్యలేదు, అందర్నీ సమానంగా రాశారు.

మమ్మల్ని అంబులెన్సులో ఎక్కించారు. డ్రైవరు సరదా మనిషి. బండి స్టార్ట్ చెయ్యగానే వెనక నల్లటి పొగ మేఘంలా లేచింది.

"అయ్యో బాబూ, ఇంత పొగ! ఎవరి లెక్కలో పడుతుందిది?" అన్నాను.

"ఎవరి లెక్కలోనూ పడదు బాబాయ్. గేటు దాటాక రోడ్డు మీద పొగ రవాణా శాఖది. ఆరోగ్య శాఖకి సంబంధం లేదు. పిన్నిగారు నా బండిలో ఉన్నంతసేపూ ఏ ఆసుపత్రికీ బరువు కాదు."

"అయితే నన్ను ఇందులోనే తిప్పుతూ ఉండండి. అందరికీ సుఖం" అంది మా ఆవిడ, డొక్క పట్టుకుని.

వంతెన మీద మాకు ఎదురుగా ఇంకో అంబులెన్సు వస్తోంది. మా డ్రైవరు చెయ్యూపాడు. "వాళ్ళ రోగుల్ని మన దగ్గరికి తెస్తున్నారు" అన్నాడు.

ఏటి అవతలి ఆసుపత్రి ముందు పచ్చలైటు నిండుగా వెలుగుతోంది. అక్కడి సూపరింటెండెంటు మాకోసం గేటు దాకా వచ్చాడు. లోపలికి రానివ్వకుండా ఉండడానికే వచ్చినా, రావడం అయితే వచ్చాడు.

"మా దగ్గర అంతా బాగుంది. రోగులెవరూ లేరు" అన్నాడు.

"మేం వచ్చాం కదండీ" అన్నాను.

"అందుకే చెబుతున్నాను."

మా కాయితం తీసుకుని, దాని వెనకవైపే తిరిగి మా ఆసుపత్రికి రాసిచ్చాడు. కొత్త కాయితం వాడలేదు. చెట్ల మీద ఆయనకున్న దయకి నేను ముచ్చటపడ్డాను.

తిరిగి వచ్చేసరికి మా ఆసుపత్రి కూడా పచ్చ! సిబ్బందికి సూపరింటెండెంటుగారు స్వయంగా చల్లటి టీ పంచుతున్నారు. వార్డులో ఖాళీ మంచాల మీద పూలకుండీలు వరసగా పెట్టారు. కిటికీ పక్కన మా ఆవిడ మంచం మీద ఆకుల మొక్క ఒకటి కూర్చుంది. మంచం కాళ్ళ దగ్గర కేసు షీటు కూడా తగిలించారు. సిస్టరమ్మ దానికి నీళ్ళు పోస్తోంది.

"దానికి ఎవరున్నారు తోడు?" అని అడిగింది మా ఆవిడ.

సిస్టరమ్మ నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది.

మమ్మల్ని నడవాలో బల్ల మీద కూర్చోబెట్టారు. నడవా ఏ వార్డు కిందికీ రాదట. అక్కడే రెండ్రోజులున్నాం. ఆ రెండ్రోజుల్లో మా ఆవిడ వేళాకోళాలు తగ్గిపోయాయి. తరవాత ఒళ్ళు వెచ్చబడింది. డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టగానే విలవిల్లాడిపోయింది. డాక్టరమ్మ సూదిమందు ఇచ్చింది గానీ, "ఇది కాస్త ఆపుతుంది, అంతే. కోసి తీయాల్సిందే. ఇవాళో రేపో" అంది. ఆవిడ గొంతు నాకు నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే పేపర్లో ర్యాంకులు వచ్చాయి. సూపరింటెండెంటుగారు పేపరు పట్టుకుని నడవాలోకి వచ్చారు. మొహం వాడిపోయింది.

"మన పొగ లెక్క పన్నెండు వచ్చింది. ఏటి అవతలి వాడికి పదకొండు. ఈ ఊరి చివర కొత్త నమూనా ఆసుపత్రి చూడండి, సున్నా! మొదటి ర్యాంకు! రోగులందర్నీ పంపేసినా మనకి పన్నెండు ఎలా వచ్చింది, వాళ్ళకి సున్నా ఎలా వచ్చింది?"

పచ్చ ఆఫీసరు పేపరు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "సార్, చెత్త సున్నా. నీళ్ళు సున్నా. శబ్దం కూడా సున్నా. నేను పుస్తకాల్లో చదివాను గానీ, ఇలాంటిది మన దగ్గర ఉంటుందనుకోలేదు."

"అలాగైతే మన రోగుల్ని అక్కడికే పంపిద్దాం" అన్నారు సూపరింటెండెంటుగారు. "వాళ్ళకి ఉత్తమమైన వైద్యం అందుతుంది." కాస్త ఆగి, "సున్నా కూడా ఎన్నాళ్ళుంటుందో చూద్దాం" అన్నారు.

డాక్టరమ్మ ఆ నమూనా ఆసుపత్రికి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"ఫోన్ కూడా వాడరు కాబోలు. ఎంత క్రమశిక్షణ!" అన్నాడు పచ్చ ఆఫీసరు.

ఆవిడ ఆయన మాట పట్టించుకోలేదు. కాయితం మీద పెద్ద అక్షరాలతో 'అత్యవసరం' అని రాసి, మా ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మా, అక్కడ రెండు థియేటర్లున్నాయని ఆఫీసు ఉత్తర్వులో చూశాను. కొత్తవి. అక్కడైనా తలుపు తీస్తారు. కత్తి పట్టే మనిషి లేకపోతే నాకు ఫోన్ కొట్టించు. నన్ను మొక్కల ఇన్‌ఛార్జిగా వేశారు, అయినా సరే, పారిపోయి బస్సెక్కి వస్తాను. థియేటరుంటే చాలు నాకు."

మా ఆవిడ డాక్టరమ్మ చెయ్యి వదల్లేదు. అంబులెన్సు దాకా అలాగే పట్టుకుని వచ్చింది.

మధ్యాహ్నం ఎండలో ఊరు దాటాం. డ్రైవరు ఈసారి జోకులెయ్యలేదు. గతుకు వచ్చినప్పుడల్లా "సారీ పిన్నిగారూ" అంటున్నాడు. నేను లోలోపల దేవుణ్ణి తలుచుకుంటున్నాను. ఇన్నాళ్ళూ తప్పు మాదే అయి ఉంటుంది, గొప్ప ఆసుపత్రిని వదిలి మామూలు ఆసుపత్రికి వెళ్ళాం, ఆయనే దారి మళ్ళించి తీసుకెళుతున్నాడు అనుకున్నాను.

రోడ్డు పక్కన పెద్ద ఇనుప గేటు. రెండు స్తంభాలు, పైన కమాను. కమాను మీద నమూనా ఆసుపత్రి అని అందమైన అక్షరాలు. పక్కనే పచ్చలైటు. గేటుకి అటూ ఇటూ గోడ లేదు. గేటు వెనక పచ్చటి గడ్డి కనుచూపుమేర పరుచుకుని ఉంది. గడ్డిలో ఒక శంకుస్థాపన రాయి.

డ్రైవరు కాయితం చూశాడు. కమాను చూశాడు. మళ్ళీ కాయితం చూశాడు.

"ఇదే బాబాయ్."

"ఏది?"

"ఇదే."

బండిని గేటు పక్క నుంచి గడ్డిలోకి దించబోయాడు. ఈల వినపడింది. ఇస్త్రీ బట్టల్లో వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండాగండి! గేటులోంచి రావాలి! ఇది ఆసుపత్రి అనుకున్నారా, సంత అనుకున్నారా?"

బండి వెనక్కి తీశాం. వాచ్‌మన్ గేటు ఒక రెక్క తెరిచాడు. మేం దిగి, మా ఆవిడని స్ట్రెచర్ మీద దించాం.

"చెప్పులు ఇక్కడ విడవండి. లోపలికి ఇన్ఫెక్షన్ వస్తుంది" అన్నాడు.

విడిచాను. "డాక్టరుగార్లు ఉన్నారా నాయనా?"

"స్టాఫ్ ఫుల్లు. ఒక్క ఖాళీ లేదు. కాకపోతే అందరూ టూర్లో ఉన్నారు. సున్నా ఎలా తెచ్చుకోవాలో మిగతా ఆసుపత్రులకి నేర్పుతున్నారు."

ఆ మాట నేను అరాయించుకునేలోపే రోడ్డు మీద సైరన్లు వినిపించాయి. మొదటి ర్యాంకు షీల్డు ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా వచ్చారు. ఆయన వెనక ఎప్పటి కార్లే, విలేకరులు, మా పచ్చ ఆఫీసరు కూడా. మంత్రిగారు గేటులోంచే వచ్చారు. పక్క నుంచి రాలేదు. అంత పెద్దమనిషి కూడా నియమం తప్పలేదు.

రాయి దగ్గర ఆగి, దాని మీద తన పేరు చదువుకుని తలూపారు. షీల్డు వాచ్‌మన్ చేతిలో పెట్టారు. వాచ్‌మన్ దాన్ని తెచ్చి రాయికి ఆనించాడు.

"గమనించండి!" అన్నారు మంత్రిగారు విలేకరులతో. "ఎక్కడైనా ఫినాయిల్ వాసన వస్తోందా? తోపులాట ఉందా? కిటికీలు తెరవాల్సిన అవసరమే లేని వెలుతురు. ఎక్కడైనా ఒక్క మూలుగు వినిపిస్తోందా?"

మా ఆవిడ మూలిగింది.

అందరూ తిరిగి చూశారు. మంత్రిగారు స్ట్రెచర్ దగ్గరికి వచ్చి వంగారు.

"ఏమ్మా, ఇక్కడ వైద్యం ఎలా ఉంది?"

"ఇంకా మొదలెట్టలేదు బాబూ" అంది మా ఆవిడ. పెదాలు ఎండిపోయాయి.

"చూశారా ఆ ఓర్పు!" అన్నారు మంత్రిగారు. విలేకరులు ఓర్పుని ఫొటో తీసుకున్నారు.

నేను చేతులు జోడించాను. "అయ్యా, నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఒక్క మాట అడుగుతాను. నా భార్యకి ఇవాళ కోసి తీయకపోతే బతకదని డాక్టరమ్మ చెప్పింది. ఇక్కడ... ఆపరేషన్ ఎక్కడ చేస్తారండీ?"

కార్ల ఇంజన్ల చప్పుడు వినపడుతోంది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. జేబులోంచి కలం తీశారు. పచ్చ ఆఫీసరు ఆయన చెవి దగ్గరికి వచ్చి, "సార్, ఒక్క ఆపరేషన్ చేసినా సున్నా పోతుంది" అన్నాడు.

"పోనీవయ్యా!" అన్నారు మంత్రిగారు, అందరికీ వినపడేట్టుగా. "ర్యాంకు మళ్ళీ వస్తుంది. ప్రాణం మళ్ళీ వస్తుందా?"

విలేకరులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మనస్ఫూర్తిగానే కొట్టాను. మంత్రిగారు కాయితం మీద 'ఈమెకు ఈ ఆసుపత్రిలోనే, తక్షణమే, ఆపరేషన్ చేయవలెను' అని రాసి, సంతకం పెట్టి నా చేతిలో పెట్టారు. భుజం తట్టారు. కార్లు ఒక్కొక్కటే కదిలి వెళ్ళిపోయాయి. గడ్డి మీద కాసేపు పొగ నిలబడి, అదీ వెళ్ళిపోయింది.

డ్రైవరు డాక్టరమ్మకి ఫోన్ కలిపాడు. మంత్రిగారి ఉత్తర్వు చదివి వినిపించాను. అవతల ఆవిడ ఆనందంతో అరిచినంత పని చేసింది. "బయల్దేరుతున్నాను! బస్సు దొరక్కపోతే ఆటోలో వస్తాను. ఎండలో ఉంచకండి ఆవిణ్ణి. నేనొచ్చేలోపు థియేటర్లోకి తీసుకెళ్ళి సిద్ధంగా ఉంచండి!"

ఫోన్ పెట్టేసింది. మా ఆవిడ నుదురు ముట్టుకుంటే కాలుతోంది.

వాచ్‌మన్ ఉత్తర్వు చేతిలోకి తీసుకుని ఒకటికి రెండుసార్లు చదివాడు. చదివి నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. గేటు రెండో రెక్క కూడా బార్లా తెరిచాడు.

"థియేటరు ఎటు బాబూ?" అని అడిగాను.

"తిన్నగా వెళ్ళి ఎడమకి" అన్నాడు.

డ్రైవరు ముందు, నేను వెనక స్ట్రెచర్ ఎత్తాం. గడ్డి మోకాళ్ళకి తగులుతోంది. తిన్నగా వెళ్ళాం. ఎడమకి తిరిగాం.

మా ఆవిడ కళ్ళు తెరవకుండానే, "ఏవండీ, లోపల ఎవరికైనా చేస్తున్నారేమో. ఒకసారి తలుపు తట్టండి" అంది.

నేను చెయ్యి ఎత్తాను. ఎక్కడ తట్టాలో తెలియక అలాగే నిలబడ్డాను.